ముప్పై ఎనిమిది దగ్గర మోగాలి

మా ఆఫీసులో ఎవరూ ప్రాజెక్టును మొదటి నుంచి మొదలుపెట్టరు. పాత ప్రాజెక్టు ఫోల్డరు మొత్తం కాపీ చేస్తాం, పేరు మారుస్తాం, రెండు మూడు అంకెలు దిద్దుతాం, కొత్తది తయారైందని టీ తాగుతాం. అప్పుడే పుట్టిన పిల్లల్ని వెచ్చగా పడుకోబెట్టే పెట్టెలు చేసేచోట ఇంత బద్ధకమా అని మీరు అడగవచ్చు. అడగండి. నేనూ ఆ తానులో ముక్కనే.

పెద్ద పెట్టెలో వేడి ముప్పై తొమ్మిది డిగ్రీలకు చేరితే సైరన్ మోగుతుంది. నెలలు నిండని పిల్లల కోసం చేసిన చిన్న పెట్టెలో ముప్పై ఎనిమిదికే మోగాలి. పెద్దదాని ప్రాజెక్టు కాపీ చేసి, ఆ ఒక్క అంకె దిద్ది, కోడ్‌ను ప్రోగ్రాముగా మార్చే బిల్డ్ బటన్ నొక్కాను. ఎర్రర్లు సున్నా. ప్రోగ్రాము పెట్టెను నడిపే బోర్డులోకి ఎక్కించాను. పెట్టె వేడెక్కడానికి అరగంట పడుతుంది. అంతసేపు ఎవరు కూర్చుంటారులే అని, టెస్ట్ కాగితంలో ‘38 దగ్గర మోగింది’ అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేసేశాను.

అదే ప్రోగ్రాము ఎక్కించిన ఇరవై చిన్న పెట్టెలు ఆసుపత్రికి బయల్దేరాల్సిన రోజు పొద్దున, టెస్టింగ్ గదిలో పనిచేసే మా వదిన, నేను అక్కడ ఉండగానే, మేనేజరు దగ్గరికి వచ్చింది. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆవిడే. ప్యాకింగుకు ముందు ఎందుకో మనసొప్పక ఒకదాన్ని వేడి చేసి చూసిందట. ముప్పై ఎనిమిది దాటినా చప్పుడు లేదు, ముప్పై తొమ్మిదికి మోగిందట. మేనేజరు నా కాగితం తీసి చూపించారు. సంతకం ఉంది కదా, ఆ ఒక్కదానిలో సెన్సారు తేడా అయ్యుంటుంది, అది మార్చి అన్నీ లారీ ఎక్కించెయ్యండి అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

సీటుకు వెళ్లి కోడ్ తెరిచాను. ముప్పై ఎనిమిదే ఉంది. అనుమానం తీరక, ఆ ఫైలు మధ్యలో ఏ కంప్యూటరూ ఒప్పుకోని పిచ్చి రాత ఒక లైను కొట్టి బిల్డ్ నొక్కాను. ఎర్రర్లు సున్నా.

నేను దిద్దిన ఫైలును బిల్డ్ చూడనే లేదు. ప్రాజెక్టు ఫైళ్ల జాబితాలో దాని పేరు మీద మౌస్ పెడితే అసలు చిరునామా కనిపించింది. అది పాత ఫోల్డరుది. కాపీలోకి ఫైళ్లయితే వచ్చాయి కానీ, వేటిని కలిపి బిల్డ్ చెయ్యాలో చెప్పే జాబితా పాత చిరునామాలనే పట్టుకుని కూర్చుంది. కొత్త ఇంటికి మారి, ఉత్తరాలు పాత ఇంటికే తెప్పించుకున్నట్టు. ఇరవై చిన్న పెట్టెల్లోనూ ఉన్నది పెద్ద పెట్టె ప్రోగ్రామే.

దిద్దడం గంట పని. లారీని ఆపడమే కష్టం, ఎందుకంటే దాన్ని కదిలిస్తున్నది నా సంతకమే. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. ఆ మాట మనసులోకి వచ్చినందుకే నా మీద నాకు మండిపోయింది. లేచి వెళ్లాను. వదిన ఇంకా అక్కడే ఉంది.

"సార్, ఆ టిక్కు అబద్ధం. పెట్టె వేడి చెయ్యకుండానే సంతకం పెట్టాను. ఇరవైలో ఒక్కటీ కదలకూడదు."

నా ఉద్యోగం సంగతి రేపు తేలుద్దామని చెప్పి, మేనేజరు లారీ వాళ్లకు ఆగమని ఫోన్ చేశారు. వదిన నా వంక చూడకుండా బయటికి వెళ్లిపోయింది. అది మాత్రం తట్టుకోలేకపోయాను.

జాబితాలోని పాత చిరునామాలన్నీ తీసేసి, కాపీలోని ఫైళ్లను ఒక్కొక్కటే కలిపాను. బిల్డ్ మళ్లీ పాతదాని జోలికి పోకుండా ఆ పాత ఫోల్డరు పేరే మార్చేశాను. బిల్డ్ నొక్కితే నా పిచ్చి రాత దగ్గర ఎర్రర్ వచ్చింది. ఎర్రర్ చూసి అంత సంతోషించింది అదే మొదటిసారి. ఆ లైను తీసేసి, ప్రోగ్రామును ఒక పెట్టెలోకి ఎక్కించి, వదిన ఉన్న టెస్టింగ్ గదికి తీసుకెళ్లాను.

అరగంట స్టూలు మీంచి లేవలేదు. ముప్పై ఏడున్నర. ముప్పై ఏడు ముప్పావు. ముప్పై ఎనిమిదికి సైరన్ గది అదిరేలా మోగింది.

"మోగింది వదినా," అన్నాను.

వదిన నా పక్కన ఇంకో స్టూలు వేసుకుని, టెస్ట్ కాగితం తన ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వు మోగిందంటే ఇక చాలదమ్మా. నేను వినాలి. ఇది విన్నాను. రెండోది తీసుకురా."

తీసుకురావడానికి వెళ్లాను.