రెండు గోడల పచ్చ

హాల్లో చాటంత మేర వేసిన పచ్చరంగును చూసి నిరంజన్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది చెల్లె గిది? గోడకు పాకురు పట్టినట్టుంది."

సౌందర్య బ్రష్షును డబ్బా అంచుకు ఆనించింది. ఈ మాట వస్తుందని ఆమెకు తెలుసు. తెల్లటి ప్రైమరు నడుమ ముదురు రంగు ముక్క ఎవరి కంటికైనా నల్లగానే ఆనుతుంది. కన్ను ముందు పక్కనున్న తెలుపుతో పోల్చుకుంటుంది, రంగును ఆ తర్వాతే చూస్తుంది.

పాలకుర్తిలో నిరంజన్ కట్టించిన ఈ కొత్త ఇంటికి రంగులేసే పని ఒప్పుకున్నది ఆమె భర్త మహేందర్. భూపాలపల్లిలో ఇంకో పని తగిలితే అటు పోతూ హాలును ఆమెకు వదిలాడు. పదకొండేళ్లుగా లప్పం పెట్టింది, గోడలు రుద్దింది, ప్రైమరు కొట్టింది ఆమే. రంగు ఎంచింది మాత్రం ఎప్పుడూ అతనే. అదీ ఎప్పుడూ మీగడ రంగే. ఈసారి నిరంజన్ భార్య రాజమణి, నీ ఇల్లయితే ఏ రంగు వేసుకుంటవని ఆమెనే అడిగింది. నూనెలో మగ్గిన పుంటికూర రంగని సౌందర్య తడుముకోకుండా చెప్పింది. ఆ గోంగూర రంగు రావడానికి పచ్చలో పసుపు, ఆపైన చుక్క చుక్కగా ఎరుపు వేసి తన చేత్తోనే కలిపింది.

ఇది వద్దంటే మహేందర్ వచ్చి పైన మీగడ రంగు కొట్టేస్తాడు. తర్వాత రంగు విషయంలో ఆమెను అడిగేవాళ్లుండరు.

నిరంజన్ అక్కడినుంచే మహేందర్‌కు ఫోన్ కలిపి, కాసేపు మాట్లాడి ఆమె చేతికిచ్చాడు. సగానికి సగం తెలుపు కలిపెయ్యమన్నాడు మహేందర్. రంగు ముదిరిందని ఎవరన్నా అంటే ఈ చుట్టుపక్కల పెయింటర్లందరూ చేసేది అదే.

"తెలుపు కలిపితే రంగుల ఉన్న వేడి చచ్చిపోతది. దవాఖాన పరద లెక్క అయితది," అంది సౌందర్య.

మంచిగ లేకపోతే మాట నీ మీదికే వస్తదని చెప్పి అతను ఫోన్ పెట్టేశాడు. రానీ, అనుకుంది ఆమె. ఆ అనుకోవడంలో భయం లేకపోవడం ఆమెకే కొత్తగా తోచింది.

"అన్నా, నాకు ఒక్క మూల ఇయ్యి. రెండు గోడలు, కిందికెల్లి మీదిదాంక. రేపు పొద్దుగూకేటాలకు నచ్చకపోతే నేనే తెల్లగ కొడత."

"కొత్తింట్లకు పోయేనాడు దావత్‌కొచ్చిన మావోళ్లు నవ్వుతరు."

"నవ్వేటోళ్లు బువ్వ తిని పోతరన్నా. ఈడ కూసునేది నువ్వు."

నిరంజన్‌కు నవ్వు వచ్చింది. సరే కానియ్యమన్నాడు. అతని భయం పచ్చరంగంటే కాదని ఆమెకు అర్థమైంది. ఎవరైనా ఆగి, ఇదేంటని అడుగుతారేమోనని అతని భయం. ఇన్నేళ్లూ మీగడ రంగుకు తను తలూపింది కూడా అందుకే. ఆ రంగు గురించి ఎవరూ ఏమీ అడగరు.

మొదటి కోటు మరకలు మరకలుగా ఆరుతుంది. దాన్ని చూసే జనం బెదురుతారు. అందుకే తలుపు మూసి ఎవరినీ రానివ్వలేదు. మరునాడు మధ్యాహ్నానికి రెండో కోటు అయింది. మూలలో పసుపు బల్బు పెట్టి, రాజమణిని అడిగి ఒక టేకు కుర్చీ తెచ్చి వేసింది.

పొద్దు వాలి పడమటి కిటికీలోంచి ఎండ రెండు గోడల మీదికి పాకింది. రంగులో దాగిన పసుపు అప్పుడు పైకి తేలింది. పక్కన పోల్చడానికి తెలుపు లేని చోట, ఆ మూల చీకటిగా లేదు. మనిషిని దగ్గరికి తీసుకున్నట్టుంది.

నిరంజన్ ఎవరితోనో ఫోన్లో గొడవపడుతూ వచ్చాడు. హాలంతా ఖాళీ, ఉన్నది ఒక్క కుర్చీ. వెళ్లి కూర్చున్నాడు. కాసేపటికి గొంతు తగ్గింది. ఇంకాసేపటికి కాళ్లు చాపాడు. సౌందర్య అటు చూడకుండా బ్రష్షు కడుగుతోంది.

రాజమణి వంటింటి గుమ్మంలోంచి మెల్లగా అంది: "ఈయన ఫోన్ల గింత నిమ్మలంగ మాట్లాడంగ నేనెన్నడు ఇనలే."

నచ్చిందా అని సౌందర్య ఎవరినీ అడగలేదు. పచ్చరంగు రెండో బకెట్ మూత తీసి కర్రతో కలపడం మొదలుపెట్టింది.

ఫోన్ పెట్టేసిన నిరంజన్ తల వెనక్కి వాల్చి పైకి చూశాడు. "చెల్లె, మీద సీలింగుకు గూడ గిదే కొట్టరాదు?"

"వద్దన్నా. నెత్తి మీద బరువైతది."

ఆమె నిచ్చెనను మూడో గోడ దగ్గరికి జరుపుకుంది.