గురి తప్పిందన్న తూటా

గ్రాసియానా ఫోన్ చేసేసరికి డార్వెల్ షెడ్డులో కూర్చుని కాల్చేసిన తూటాల ఇత్తడి గుల్లల్ని గుడ్డతో తుడుస్తున్నాడు.

"అబ్బాయ్, ఓ సాయం చెయ్యాలి. ఓట్సోని కాల్చెయ్యాలి. నా చేత కావట్లేదు. నీ తూటాకైతే నొప్పి తెలియకుండా పోతుంది."

ఓట్సో ఆమె గొర్రెల మందను కయోటీల నుంచి, అంటే ఆ చుట్టుపక్కల తిరిగే చిన్నపాటి తోడేళ్ల నుంచి, కాచే కుక్క. తెల్లగా, దూడంత ఉంటుంది. భర్త పోయిన ఈ మూడేళ్లలో ఆ ఇంట్లో ఆమె మాట వినే ప్రాణి అదొక్కటే.

"అదేం చేసింది పెద్దమ్మా?"

"గొర్రెపిల్లల్ని పీకుతోంది. నిన్నటితో ఆరు. తొడ, తోక, పొట్ట... ఎక్కడ దొరికితే అక్కడ కొరికి వదిలేసింది. కయోటీ అయితే గొంతు పడుతుంది, ఒక్క పట్టుతో సరి. నీకు నేను చెప్పాలా? ఇది కుక్క పనే. నెత్తురు మరిగినదాన్ని మందలో ఎట్లా ఉంచుకోను?"

"గొంతు మీద గాటే లేదా?"

"లేదంటున్నాగా. తొందరగా రా. దాని మొహం చూస్తూ సాయంత్రందాకా కూర్చోలేను."

ఫోన్ పెట్టేశాక కూడా డార్వెల్ చేతిలో ఆ గుల్ల అలాగే ఉండిపోయింది. నాలుగో పిల్ల పోయినప్పుడే ఎవరో అంటే విన్నాడు. గొంతు సంగతి మాత్రం అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం.

అసలు జరిగింది పదకొండు రోజుల కిందట.

తన రైఫిల్‌ని తయారుచేసుకోవడానికి అతనికి రెండు చలికాలాలు పట్టింది. గొట్టం వేరే తెప్పించి బిగించుకున్నాడు. కర్ర భాగాన్ని వాల్‌నట్ చెక్కతో తన భుజానికి సరిపోయేలా తనే చెక్కుకున్నాడు. అంగట్లో తూటాలు కొనడు. గుల్లలో తుపాకి మందు పలుకు పలుకు తూచి పోసి, గుండు తనే బిగిస్తాడు. దాణా కొట్టు దగ్గర కాఫీ తాగే మగాళ్లకు అతనంటే వేళాకోళం.

"ఏం డార్వెల్, నీ ఫిరంగి కాఫీ కూడా కాస్తుందా?"

"వాడికి పెళ్లాం పుట్టినరోజు గుర్తుండదు గానీ, ఏ తూటాలో ఎంత మందు పోశాడో నిద్రలో అడిగినా చెబుతాడు!"

"నవ్వండి, నవ్వండి. నాలుగు వందల గజాల్లో గుండ్రాయి పెట్టండి, చూద్దాం," అనేవాడు డార్వెల్. లోపల మాత్రం ఆ నవ్వు ముల్లులా గుచ్చుకునేది.

గ్రాసియానా మందలో మొదటి పిల్లను కయోటీ ఎత్తుకుపోయిన వారంలోనే అతని మందు డబ్బా అయిపోయింది. కొత్త డబ్బా విప్పాడు. అదే రకం, అదే పేరు. అయినా డబ్బా మారితే మందు బలం కాస్త మారుతుంది కాబట్టి, ముందు గురి కాగితం మీద కాల్చి చూసుకోవాలి, ప్రాణి మీద తర్వాతే. తూటాలు చేసుకునేవాళ్లు మొదట నేర్చుకునేది అదే. డార్వెల్ ఆ రోజు కాగితం జోలికి పోలేదు. తన చెయ్యి తప్పదనుకున్నాడు.

పొద్దున్నే గుట్ట మీద పడుకుని, కయోటీని రప్పించడానికి దెబ్బ తిన్న కుందేలు ఏడ్చినట్టు ఈలతో పిలుపు ఊదాడు. సేజ్ పొదల్లోంచి బూడిదరంగు కయోటీ బయటికొచ్చింది. మూడు వందల గజాల దూరంలో ఆగి పక్కకి చూసింది. కాల్చాడు. అది గిర్రున తిరిగి, తన మొహాన్ని తానే కాళ్లతో గీరుకుంటూ పొదల్లోకి పారిపోయింది. వెళ్లి చూస్తే నేల మీద నెత్తురు, రెండు పళ్లున్న దవడ ముక్క.

నెత్తురు చూశాక చివరిదాకా వెంటాడాలి. రోజంతా పట్టినా సరే. ఆ దేశంలో వేటాడేవాడెవడికీ ఇది ఒకరు చెప్పనక్కర్లేదు. డార్వెల్ గంటసేపు నడిచాడు. రాతినేల వచ్చింది, జాడ పోయింది. వెనక్కి తిరిగాడు. గురి తప్పితే నాలుగు రోజులు నవ్వుతారు. గాయపరిచి వదిలేస్తే మొహం చూడరు. అందుకే గ్రాసియానాతో, "తప్పింది పెద్దమ్మా. వెంట్రుక కూడా తగల్లేదు. బెదిరి పోయిందిలే, ఇక ఇటు రాదు," అన్నాడు.

దవడ విరిగినదానికి కుందేలు దొరకదు. గొంతు పట్టడానికి కింద పళ్లుండవు. దానికి చేతనయ్యేది ఒక్కటే, పరిగెత్తలేని గొర్రెపిల్లను ఎక్కడ అందితే అక్కడ చీల్చడం.

దారిలో పికప్ నడుపుతుంటే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. కుక్కను కాల్చేసి, తర్వాత ఒక్కడే వెళ్లి ఆ కయోటీని చంపి పూడ్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు కాదు, అది వచ్చాక మనసు కాస్త తేలిక పడినందుకు అతనికి చెంపలు మండాయి.

ఓట్సో కంచె గుంజకి కట్టేసి ఉంది. డార్వెల్‌ని చూసి తోక ఊపింది. ముందు గిన్నెలో మాంసం పులుసు అలాగే ఉంది. గ్రాసియానా చేతుల నిండా మట్టి.

"గొయ్యి నేనే తీశాను, నీకు శ్రమ ఎందుకని. తినట్లేదు చూడు. తెలిసిపోయిందేమో."

"పెద్దమ్మా, ఇంకో రెండు రోజులు ఆగుదామా? కయోటీయేనేమో."

"గొంతు మీద గాటు లేదని చెప్తుంటే! దవడ లేని కయోటీ ఎక్కడైనా ఉంటుందా?"

డార్వెల్ రైఫిల్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఉంది," అన్నాడు. "నేనే అట్లా చేశాను."

అంతా చెప్పాడు. కొత్త డబ్బా సంగతి, దవడ ముక్క సంగతి, గంట నడిచి తిరిగొచ్చిన సంగతి.

"తప్పిందన్నావు."

"అన్నాను."

"నమ్మాను. నా కుక్కని నమ్మలేదు, నిన్ను నమ్మాను."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని గొలుసు విప్పబోయింది. మట్టి వేళ్లకి కొక్కెం రాలేదు. డార్వెల్ ముందుకి వంగాడు.

"నువ్వు ముట్టుకోకు."

కొక్కెం వచ్చాక కుక్క మెడ చుట్టూ చెయ్యి వేసి, తన తల్లి నేర్పిన బాస్క్ భాషలో దాని చెవిలో చాలాసేపు ఏదో చెప్పింది. అతనికి ఒక్క మాటా అర్థం కాలేదు. ఎవరు అడగాల్సిన క్షమాపణ ఎవరు అడుగుతున్నారో మాత్రం అర్థమైంది. ఓట్సో పులుసు వంక చూడనైనా చూడకుండా మంద వైపు పరిగెత్తింది.

ఆమె లోపలికి వెళ్లి భర్త పాత తుపాకీ, ఓ పెట్టెడు అంగడి తూటాలు తెచ్చింది.

"నీది ఇక్కడ పెట్టి ఇది తీసుకుపో. దీంతో వంద గజాలు దాటి కొట్టలేవు. దగ్గరికెళ్లు. మొహం చూసి కాల్చు. అయ్యేదాకా నా వాకిలి తొక్కకు."

ఆ కయోటీ ఇక పిలుపుకి రాలేదు. ఆ కుందేలు ఏడుపేమిటో దానికి తెలిసిపోయింది. నడవాల్సి వచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం వాగు ఒడ్డున కనిపించింది. గాలి ఎదురుగా వీచి తన వాసన దానికి అందకపోవడంతో అతను నలభై అడుగుల దాకా వెళ్లగలిగాడు. తోలు కింద ఎముకలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. అది నీళ్లు తాగుతోంది. నాలుకతో ఎత్తుకున్న నీళ్లు దవడ లేనివైపు నుంచి మళ్లీ వాగులోకే కారిపోతున్నాయి.

తాగడం అయ్యాక కాలుద్దామనుకుని ఆగాడు. అది మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ కారిపోయాయి. మళ్లీ. ఎంతసేపు ఆగినా దాని తాగడం అవ్వదని అతనికి తట్టడానికి చాలాసేపే పట్టింది. అప్పుడు తుపాకీ ఎత్తాడు.