నేను పలకని ఆదివారం

నేను ఒక ట్యూబ్ ఆంప్లిఫయర్‌ని. అంటే రికార్డు ప్లేయరు నుంచి వచ్చే పీలగొంతును అందుకుని, దానికి బలం పోసి, స్పీకర్లకు అందించే యంత్రాన్ని. ఈ పని ఇప్పుడు అరచేతిలో పట్టే పెట్టెలు కూడా చేస్తున్నాయి, కాదనను. కానీ నా నెత్తిమీద ఆరు గాజు ట్యూబులుంటాయి. స్విచ్ వేసిన అరనిమిషానికి అవి నారింజరంగులో వెలుగుతాయి. నా బరువు ముప్పై రెండు కిలోలు. నన్ను ఎత్తబోయి నడుం పట్టేసినవాళ్ళు ఈ కథ నాటికి ముగ్గురు. ముగ్గురూ నన్ను తిట్టలేదు సరికదా, మెచ్చుకున్నారు. బరువుంటే మంచి సరుకని నమ్మే వింత మనుషుల మధ్య బతికాను నేను.

నన్ను పుట్టించినవాడు బెజవాడ యేసుపాదం. గవర్నరుపేటలో ఒక ఇరుకు సందులో రేడియోలు బాగుచేసుకునేవాడు. నాలోని ట్రాన్స్‌ఫార్మర్లకు రాగితీగ తన చేత్తోనే చుట్టాడు. చుట్లు లెక్కపెడుతుండగా ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది, అంతా విప్పి మళ్ళీ మొదటికొచ్చేవాడు. అందుకని ఆయన భార్య మరియమ్మ ఆ నెలంతా గుమ్మంలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ నోటిమీద వేలు చూపించింది. పాలవాడితో కూడా సైగలే. నా పుట్టుకలో సగం పుణ్యం ఆవిడది. నా వెనక రేకు మీద మాత్రం ఆయన పేరొక్కటే ఉంది.

నన్ను చేయించుకున్నది రాజమండ్రిలో ఒక టింబరు డిపో యజమాని. హాల్లో ఈశాన్యం మూల పెట్టి, పైన లేసు గుడ్డ కప్పి, దానిమీద ప్లాస్టిక్ పూలు పెట్టాడు. వచ్చినవాళ్ళకు నన్ను జపాన్ సరుకని చెప్పేవాడు. నాలుగేళ్ళలో పన్నెండుసార్లు విన్నాడేమో, అదీ ఎవరైనా ఉన్నప్పుడే. చివరికి వాస్తు చూసే ఆయనొకడు వచ్చి, ఈశాన్యంలో నిప్పులాంటి వస్తువు ఇంటికి మంచిది కాదన్నాడు. ఆగ్నేయానికి మారుద్దామంటే అక్కడ వంటిల్లు. పప్పు తాలింపు పక్కన బతకాల్సిన గతి తప్పించినందుకు ఆ వాస్తు ఆయనకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను. యజమాని నన్ను అమ్మేశాడు.

కొన్నది విశాఖపట్నం పాపారావు. రేవులో ఇసుక తోడే నౌకలో ఇంజను గది ఆయన ఉద్యోగం. నన్ను ఇంటికి తెచ్చిన రోజు లేసు గుడ్డ తీసి పారేసి, నా ఎదురుగా నేలమీద కూర్చుని, మూడు రికార్డులు కదలకుండా విన్నాడు. నాకు ఆ రోజే పుట్టినట్టు అనిపించింది. వినేవాళ్ళు లేకపోతే నేను వట్టి ఇనుమూ గాజూనే కదా.

పాపారావు ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున పదింటికి శబ్దం పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరేవారు. అందరిలోకీ ఖాయంగా వచ్చేవాళ్ళు పళ్ళ డాక్టరు గంగాధరం, లాయరు కామేశం. ఒకడు వైరు మారిస్తే గొంతు తేనెలా ఉందంటాడు, ఇంకొకడు స్పీకరు కింద చెక్క పెడితే గాలి ఆడిందంటాడు. ఎంత వాదించుకున్నా చివరి మాట పాపారావుది. ఆయన తల ఊపితే మంచి శబ్దం, పెదవి విరిస్తే కాదు. 'చెవి పాపారావు' అని పేరు. హైదరాబాదు నుంచి కూడా ఫోన్లు చేసి, ఫలానా స్పీకర్లు కొనమంటారా అని అడిగేవారు. రిటైరైన మనిషికి ఆ పేరే ఉద్యోగం, ఆ పేరే పరువు.

ఆ చెవులు పోయిన సంగతి నాకొక్కదానికే తెలుసు. ముప్పై ఏళ్ళ ఇంజను రొద మెల్లగా తన పని తను చేసింది. సన్నటి శబ్దాలు ముందుగా పోయాయి. వీణ మీట్ల అంచు పోయింది, గజ్జెలు పోయాయి. సాయంత్రాలు నా ముందు కూర్చుని, తల ఈ పక్కకూ ఆ పక్కకూ తిప్పి, ఒక్కోసారి ప్లేయరు సూది పాడైందేమోనని కొత్తది వేసి చూసుకునేవాడు. తర్వాత చెవి డాక్టరు చీటీ తెచ్చుకుని, దాన్ని నా కిందే దాచాడు. ఆదివారాలు మాత్రం తల ఊపుతూనే ఉండేవాడు. ఎదుటివాళ్ళ ముఖాలు చూసి ఊపేవాడు. నాకు జాలీ వేసేది, కోపమూ వచ్చేది.

ఒకరోజు నన్ను అమ్ముతున్నానని చెప్పేశాడు. ఇల్లు ఇరుకైందన్నాడు. ఎవరూ గుచ్చి అడగలేదు. నా మీద వాళ్ళకున్న ఆశ అలాంటిది.

వాళ్ళలో ఒక కట్టుబాటుంది. ఏ వస్తువైనా ఆదివారం అందరి ముందూ వినిపించాకే అమ్మాలి. కొనేవాళ్ళు తమకు బాగా తెలిసిన రికార్డు తెచ్చుకోవాలి. దాన్ని ముందు ఒక మామూలు ఆంప్లిఫయరు మీద, తర్వాత అమ్మే వస్తువు మీద వినిపించాలి. మధ్యలో మార్చే స్విచ్‌ను అమ్మేవాడు తప్ప ఎవరూ ముట్టకూడదు.

ఆ ఆదివారం ఇద్దరు బేరానికొచ్చారు. ఒకరు గంగాధరం. రెండోది నూకరత్నం, అనకాపల్లి ఆసుపత్రిలో నర్సు. ఈ ఆదివారం గుంపుకు కొత్త మనిషి. ఆమె తెచ్చినది ఒక పాత సన్నాయి రికార్డు. అందులో డోలు వాయించింది వాళ్ళ నాన్న అప్పలస్వామి. ఆయన పోయి పదకొండేళ్ళైంది. ఆయన వాయించినదంటూ మిగిలింది ఆ ఒక్క రికార్డే.

ముందు మామూలు పెట్టె మీద వేశారు. పాపారావు లేచి స్విచ్ నావైపు తిప్పాడు. ఇంతలో కామేశం కాఫీ సంగతి గుర్తుచేస్తే లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చి, స్విచ్ మార్చానో లేదో అనుమానం వచ్చి, ఎటు ఉందో చూడకుండానే మళ్ళీ తిప్పాడు. అంటే మొదటికే వచ్చింది. కర్టెన్లు మూసి ఉన్నాయి. నా ట్యూబులు చీకట్లో ధగధగా వెలుగుతున్నాయి. రికార్డు మొదలైంది. శబ్దమంతా ఆ మామూలు పెట్టెది. నా ఒంట్లో ఒక్క స్వరం లేదు.

"ఆహా! చూసేరా, గది నిండిపోయింది," అన్నాడు గంగాధరం.

"ఇందాకటి దానికీ దీనికీ పోలికే లేదండి. ఆ నిండుదనం ట్యూబులకే చెల్లు," అన్నాడు కామేశం, నన్నే చూస్తూ.

పాపారావు ఇద్దరి ముఖాలూ చూసి తల ఊపాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని. చేయని పనికి ఇంత మెప్పు నేనెప్పుడూ పొందలేదు.

నూకరత్నం మాత్రం ముందుకు వంగి, కళ్ళు మూసుకుని వింటోంది. రికార్డు సగంలో ఉండగా తల అడ్డంగా ఊపింది.

"ఏమనుకోకండి బాబుగారూ. ఇది మా నాన్న చెయ్యి కాదండి."

"అదేటమ్మా, రికార్డు నువ్వే తెచ్చేవు కదా?" అన్నాడు కామేశం.

"రికార్డు అదేనండి. మా నాన్న ఎడం పక్క కర్రతో కొట్టేక, ఆ కర్రని ఒక్క రవ్వ అక్కడే నొక్కి ఉంచేవోడు. ఆ నొక్కు ఇందాకా లేదు, ఇప్పుడూ లేదు. రెండుసార్లూ ఒక్కలాగే ఉందండి నాకు."

కామేశం నవ్వాడు. "ఒక్కలాగే ఉందా! చెవి పాపారావుగారింట్లో కూర్చుని అనాల్సిన మాటేనా అది? ఏఁవండీ, మీరే చెప్పండి."

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన లేచి నా వెనక్కి వచ్చాడు. స్విచ్ ఎటు ఉందో చూశాడు. వేలు దానిమీద పెట్టాడు. ఎవరికీ కనపడకుండా దాన్ని ఇటు తిప్పేసి, ఇప్పుడు శ్రద్ధగా వినమ్మా అంటే చాలు. పేరు నిలుస్తుంది, నేను అమ్ముడుపోతాను, ఆ అమ్మాయి తన చెవినే అనుమానించుకుంటూ అనకాపల్లి బస్సెక్కుతుంది. క్షణంపాటు ఆయన ఆ పనే చేస్తాడనుకున్నాను. ఆయన్ని తప్పుపట్టేదాన్ని కూడా కాదు.

"కర్టెన్లు తియ్యండర్రా," అన్నాడు పాపారావు. వెలుతురు పడ్డాక స్విచ్ చూపించాడు. "ఈ అమ్మాయి చెప్పిందే నిజం. ఇంతసేపూ పాడింది ఆ మామూలు పెట్టే. నాకు తెలీలేదు. తెలీదు కూడా. నాకు సగం వినబడ్డం మానేసి ఆరేళ్ళైంది. మీ ముఖాలు చూసి తలూపుతున్నాను. అందుకే అమ్మేస్తున్నాను దీన్ని."

నా కింద దాచిన చీటీ తీసి బల్లమీద పెట్టాడు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

గంగాధరం గట్టిగా నవ్వేశాడు. "నాకు బాగానే వినబడుతుంది కదండీ, మరి నేనేటి విన్నాను? దీపాలు చూసి మెచ్చుకున్నాను!" కామేశానికి మాత్రం నవ్వు రాలేదు. కాఫీ సగంలో వదిలేసి, కోర్టు పనేదో ఉందని ఆదివారం నాడు వెళ్ళిపోయాడు. మూడు వారాలు మొహం చూపించలేదని తర్వాత పాపారావు చెబుతుంటే విన్నాను.

పాపారావు ఈసారి స్విచ్ సరిగ్గా తిప్పాడు. యేసుపాదం చుట్టిన ప్రతి చుట్టులోనూ అప్పలస్వామి డోలు పరుగెత్తింది. ఎడంపక్క దెబ్బ పడింది, కర్ర ఒక్క రవ్వ అక్కడే ఆగింది. నూకరత్నం చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. గంగాధరం నా మీద ఆశ వదులుకుని, నన్ను ఆటోలోకి ఎత్తడానికి సాయం పట్టి, నడుం పట్టేసుకున్నాడు. నాలుగోవాడు.

ఇప్పుడు నేను అనకాపల్లిలో, రెండు గదుల ఇంట్లో, తలుపు పక్కన ఉన్నాను. నాకు ఆర్నెల్లకోసారి ట్యూబులు సరిచూడాలి. ఆ పని నూకరత్నానికి రాదు. ఫోను చేస్తే పాపారావు మీటరు సంచీలో వేసుకుని వచ్చాడు. పనయ్యాక బస్సు టైమవుతోందని లేచాడు. కూర్చోండి బాబుగారూ అంటూ ఆమె రికార్డు పెట్టింది. ఆయన మొహమాటంగా కూర్చున్నాడు. సన్నాయి లేచింది, డోలు అందుకుంది. అలవాటుకొద్దీ తల ఊపబోయి ఆగాడు. ఇంతమందికి ఏం వినాలో చెప్పిన మనిషి, నా ఎరుకలో మొదటిసారి అడిగాడు.

"నాకు డోలు బాగానే వినబడుతోందమ్మా. ఇంకేటుంది అందులో?"

"తాళం ఉందండి, చిన్న కంచు తాళం. మా చిన్నాన్న వేసేడు."

"ఎక్కడ పడుతోంది?"

ఆమె ఆయన చేతిని బల్లమీద పెట్టి, తాళం పడిన చోటల్లా ఆ చేతిమీద వేలితో తట్టింది. నాలుగు దెబ్బలయ్యాక ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను పాడుతున్నాను, ఆమె తడుతోంది. అయిదున్నర బస్సు వెళ్ళిపోయింది. ఆయన లేవలేదు.