మంచుమీది నీరెండ

పుష్యమాసమున హిమవన్నగసానుప్రదేశమునందు సూర్యోదయమైన రెండుగడియలకు ధవళహిమాచ్ఛాదితములగు శిఖరములు తళతళలాడుచుండ దేవదారుతరుశాఖలనుండి రాత్రి కురిసిన మంచు చప్పుడుచేయక జాఱుచుండ పలుచని మేఘముల చాటుననున్న భానుబింబము చలికి మునగదీసికొన్న ముదుసలివలె నిరపాయముగా గనబడుచుండెను. అట్లు గనబడుటయే దాని కపటము. పైనుండి కురియు కిరణములు చాలవన్నట్లు క్రిందనున్న మంచంతయు నద్దమై వానిని మరల మనుష్యుల మొగములమీదికే విసరుచుండును. ఈ సంగతి యచ్చటి గొఱ్ఱెలకాపరులు సైతమెఱిగి కన్నులక్రింద మసి పూసికొని తిరుగుదురు.

ఆ వాలునందు మంచుజారుడు పందెములకై విశాఖమన్యమునుండి వచ్చిన యాఱుగురు బాలికలకు అప్పలనరసమ్మ శిక్షకురాలు. వారిలో గెమ్మెలి చిలకమ్మయను పందొమ్మిదేండ్ల పిల్ల పాదములకు పలకలు గట్టుకొని దిగెనేని చూచువారికి ఊపిరి నిలిచిపోవును. మఱునాటి పందెమున మొదటి మూడు స్థానములలో నొకటి దక్కినచో నామెకు దేశపుజట్టునందు చోటు దొరకును. ఇరువదేండ్లు నిండినవారి కా పందెమునందు ప్రవేశము లేదు గావున చిలకమ్మ కిదియే కడపటి యవకాశము.

గడచిన రెండు శీతకాలములును నరసమ్మ ప్రతిదినము ప్రొద్దుననే ఎండకు చర్మము గాలకుండ గాపాడు తెల్లని యెండమందును తన చేతులతో బాలికల మొగములకు బూయుచుండెడిది. ఎందులకని వారడుగలేదు. ఈమె చెప్పలేదు. చలికి మొగము పగులకుండుటకు కాబోలునని వారనుకొనిరి.

ఆ యేడు జట్టునకు పెత్తనదారుగా వచ్చిన భుజంగరావు తాను పట్టిన కుందేటికి మూడేకాళ్లనెడి రకము. నరసమ్మ వ్రాసియిచ్చిన సామగ్రిపట్టికలో నెండమందు పేరు జూచి పకపక నవ్వి దానిని గొట్టివేసెను.

“ఇదేటమ్మా నరసమ్మా, ఆటకొచ్చారా, అందాలపోటీకొచ్చారా? పుష్యమాసం నీరెండ ఒంటికి మందు. మా అమ్మ నువ్వులనూనె పట్టించి గంటసేపు ఎండలో కూకోబెట్టేది. అయినా మన నల్లతోలుకి ఎండేటి చేస్తాది?”

నరసమ్మకు మాట నోటిదాక వచ్చెను. పెద్దవాడు గదా యని దానిని మ్రింగెను. పందెమునకు ముందునాటి ప్రాతఃకాలమున నాతడు తెచ్చిన నూనెసీసా నందుకొని తన చేతులతోనే యాఱుగురి మొగములకును బట్టించెను. అంతటితో నాతని తెలివి తీఱినదా? పత్రికలవారు ఛాయాచిత్రములు దీయవచ్చిరి గావున మొగములు చక్కగా గనబడవలెనని బాలికల నల్లకంటద్దములు గూడ దీయించెను. మబ్బుగా నున్నది గదా యని యెవరును వల దనలేదు. ఐదుగంటలసేపు వారా వెలుగులో నెక్కుచు దిగుచుండిరి.

సాయంకాలమునకు తక్కిన యయిదుగురి మొగములు కందిపోయెను. అందఱికంటె నెక్కువమాఱులు వాలెక్కిన చిలకమ్మకు మాత్రము గడ్డముక్రిందను ముక్కుపుటములలోను పెదవులమీదను సాధారణముగా నెండసోకని తావులన్నిట బొబ్బలు పొంగెను. కన్నులలో నిసుక పోసినట్లున్నదని యేడ్చుచు రెప్పలు విప్పలేక బస గుమ్మమువద్దనే కూలబడెను. వైద్యుడు వచ్చి నూనెపూతతో చర్మమును మంచువెలుగుతో కన్నులును గాలినవని చెప్పి కట్టుగట్టి మూడుదినములు వెలుతురు సోకరాదనియు రేపు మంచుమీదికి బంపినచో చూపునకు దాను పూచీపడననియు ఖండితముగా జెప్పిపోయెను.

భుజంగరావు పెదవి విఱిచెను. “చలిగాలి పడలేదంతే. ఇంకాస్త నూనె రాయండి. రేపు కళ్లద్దాలెట్టి దింపేద్దాం. ఫొటోలు కూడా తీసేసుకున్నారు, ఇప్పుడు మానేస్తే నా పరువేటవుతాది?”

నరసమ్మ కరికాలిమంట నెత్తికెక్కెను. నూనెసీసాను దీసి కిటికీనుండి మంచులోనికి విసరికొట్టెను.

“పరువా? పిల్ల కళ్లకన్నా నీ పరువెక్కువేటయ్యా? పెద్దోడివని ఇన్నాళ్లూ బాబూ బాబూ అన్నాను, నా బుద్ధి గడ్డితింది! రేపు చిలకమ్మ ఈ గడప దాటదు. అంత పరువు కావాలంటే నువ్వే పలకలు కట్టుకుని జారు!”

ఆతడు ఉద్యోగ మూడబెఱికింతునని బెదిరించెను. ఆమె తలుపుదీసి బయటికి దారిచూపెను. చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొనుట యన నిదియే గదా!

మఱునాటి యుదయమున పందెపుగంట మ్రోగెను. తెరలు దించిన గదిలో చిలకమ్మ పరుండియుండ నరసమ్మ తడిగుడ్డతో నామె చెక్కిళ్లద్దుచుండెను. బయట జనుల కేకలు వినబడినప్పుడెల్ల చిలకమ్మ మోకాళ్లు దుప్పటిక్రింద నసంకల్పితముగా మడతపడుచు మరల చాపబడుచుండెను. అది చూచి నరసమ్మ భుజంగరావును దిట్టిపోయసాగెను.

“ఆ మూర్ఖుడే నీ కొంప ముంచాడు. ఏటీ తెలీదు, తెలిసినోళ్ల మాట వినడు. ఆడి నీరెండ మండా! ఆడి నూనె మండా!”

చిలకమ్మ మెల్లగా నడిగెను.

“అక్కా, మంచుమీద ఎండ కాల్చేస్తాదని నీకు ముందే తెలుసేటి?”

నరసమ్మ చేయి నిలిచిపోయెను. అబద్ధమాడ జూచియు నాడలేకపోయెను.

“తెలుసు.”

“మరి నూనె రాసినప్పుడు చెప్పలేదేటి?”

భుజంగరావుపై నిన్నటినుండి కొండలదరునట్లు గర్జించిన నరసమ్మ తడిగుడ్డను మడిచి విప్పి మరల మడిచెను. ఎఱుగనివానిని దిట్టుటకు లోకమున నోళ్లు కొల్లలుగా నుండును. ఎఱిగియు నోరుమూసికొన్నవారిని నిలదీయుటకు మాత్రము దెబ్బతిన్నవారే లేవవలెను.

బయట నెవరో గెలిచిరి కాబోలు, చప్పట్లు మ్రోగెను. చిలకమ్మ చేయిచాచి తడవుకొని నరసమ్మ చేతిలోని తడిగుడ్డను దీసికొని గోడవైపునకు దిరిగి తన మొగమును దానే యద్దుకొనజొచ్చెను.