రెండో సిట్టింగ్

ఇరవై రెండేళ్లుగా ఊరందరి నోళ్లూ తెరిపిస్తున్న ఆ దంతవైద్యుడు తన నోరు మాత్రం ఎవరికీ చూపించలేదు. సూది తన వైపు తిరిగిందంటే పైప్రాణాలు పైనే పోయే రకం. పది రోజులుగా కింది దవడ పన్ను పోటు పెడుతున్నా మాత్రలతో నెట్టుకొస్తున్నాడు. ఆ పోటుతోనే, తాను చదివిన కాలేజీకి కొత్త డెంటల్ కుర్చీ బహూకరించడానికి బయలుదేరాడు. జేబులో నాలుగు పేజీల ఉపన్యాసం.

కుర్చీ పక్కన తన పేరు చెక్కిన పలకను తనివితీరా చూసుకోవాలని సభకు గంట ముందే వెళ్లాడు. చెంప పట్టుకుని వరండాలో నడుస్తుంటే తెల్లకోటు అమ్మాయి పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"పన్ను నొప్పా అండీ? లోపలికి రండి, ఎక్కువసేపు పట్టదు."

ముఖ్య అతిథిని పట్టుకుని ఎంత మాట! కానీ అతను మొహం ముడుచుకునేలోపే ఆమె తన గోడు వెళ్లబోసుకుంది. ఫైనలియర్. రూట్ కెనాల్ కేసు ఒక్కటి తక్కువైంది. శుక్రవారంలోగా పూర్తి చేయకపోతే పరీక్షకు కూర్చోనివ్వరట.

ఆ ఒక్క కేసు కోసమే ఒకప్పుడు అతనూ బస్టాపుల్లో జనం పళ్లు చూస్తూ తిరిగాడు. చివరికి దొరికిన దర్జీ మొదటి సిట్టింగ్‌కి వచ్చి, రెండోదానికి చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. ఆరు నెలలు పోయాయి. ఆ దర్జీని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాడు.

కాదనలేక ఆమె వెంట నడిచాడు. లోపల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఆ అమ్మాయి కొత్తదాని రిబ్బను పక్కకు జరిపి అతన్ని కూర్చోబెట్టింది.

"చీమ కుట్టినట్టు ఉంటుందండీ, అంతే," అంది సూది ఎత్తి.

తను రోజుకు ఇరవైసార్లు చెప్పే అబద్ధమే. కళ్ల వెంట నీళ్లు కారాయి. దర్జీ ఎందుకు రాలేదో ఇన్నేళ్లకు అర్థమైంది.

పని ముగిశాక కేసు షీటులో రాయడానికి ఆమె అతని పేరు అడిగింది. సగం నోరు మొద్దుబారిపోయి మాట రాక, అతను పలక వైపు వేలు చూపించాడు. ఆమె మొహం పాలిపోయింది. అయినా అడగవలసింది అడిగింది.

"బుధవారం పదింటికి రెండో సిట్టింగండీ. వస్తారు కదా?"

దర్జీని అతనూ ఇలాగే, ఇదే భయంతో అడిగాడు. ఉపన్యాసం తీసి, వెనక వైపు 'వస్తాను' అని రాసి, సంతకం చేసి ఆమె చేతిలో పెట్టాడు. సభలో నమస్కారం పెట్టి దిగిపోతే, పొట్టి ఉపన్యాసానికి హాలంతా చప్పట్లు మారుమోగాయి.

బుధవారం తొమ్మిదింటికే వచ్చాడు. గేటు దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కి తిరిగాడు. మూడోసారి లోపలికి వెళ్లాడు.