పరగడుపు పరీక్ష

తెల్లారేసరికి ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. కురవదు, తెరిపివ్వదు. డాక్టరమ్మ కారు అద్దం తుడిచి లోపలికి చూసింది. వెనక సీట్లో కూతురు బుడంకాయ, పక్కన అత్తగారు. ఇద్దరి మొహాల్లోనూ ఒకే అమాయకత్వం.

పిల్లలు ఎందుకు ఎదుగుతారు, కొందరు ఎందుకు ఆగిపోతారు అన్నదే డాక్టరమ్మ పరిశోధన. తలలో శనగగింజంత గ్రంథి, అది నెత్తుట్లోకి వదిలే హార్మోను. వాటి మీదే ఆవిడ జుట్టు నెరిసింది. ఊళ్లో పిల్లలందరి ఎత్తూ కొలిచి, చివరికి ఇంట్లో పిల్లను కొలిస్తే అది తరగతి మొత్తంలో అట్టడుగున తేలింది. హార్మోను తక్కువని పరీక్షలో వస్తే ఇక ఎదిగేదాకా రోజూ ఇంజక్షనే. దోమ కుడితేనే ఇల్లు పీకి పందిరేసే పిల్ల అది.

పరీక్షకు పరగడుపున రావాలి. నెత్తుట్లో చక్కెర పెరిగితే ఆ గ్రంథి మొండికేస్తుంది. అందుకే డాక్టరమ్మ ఆస్పత్రికొచ్చే తల్లుల సంచులు వెతికించేది, నాయనమ్మల రుమాళ్లు విప్పించేది. సొంత అత్తగారి రుమాలు జోలికి మాత్రం పోలేదు. ఎవరు పోతారు?

ఆ పొద్దున చేసిన పరీక్షకు సాయంత్రం ఫలితం వచ్చింది. హార్మోను ఉండీ లేనట్టుంది. డాక్టరమ్మ ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పిందో లేదో, అత్తగారు కుర్చీలో కూలబడింది. అంతలో ల్యాబ్ నుంచి ఫోను. "మేడమ్, పాపకు మొదట తీసిన రక్తంలోనే చక్కెర ఎక్కువుంది. పరగడుపేనా?"

డాక్టరమ్మ ఫోను పెట్టేసి వెనక్కి తిరిగింది. "అత్తయ్యా, పిల్లకేమన్నా పెట్టారా?"

"నువ్వొద్దన్నాక పెడతానా?" అని ఆవిడ చూపు తిప్పుకుంది. "పెట్టలేదమ్మా, తాగించా. పాలే. చక్కెర కూడా ఎక్కువేం వేయలా."

భర్తకు కళ్లజోళ్ల దుకాణం. జోడు తీసి తుడుచుకుంటూ నసిగాడు. "అమ్మా, నువ్వూనా? నేనో అరటిపండిచ్చాను. చిన్నదేలే."

"మీకైనా బుద్ధుండక్కర్లా?"

"అద్దాలమ్ముకునేవాణ్ణి. నాకేం తెలుసు గ్రంథులూ గాడిదగుడ్డూ?"

"అమ్మ కూడా ఇచ్చిందిగా," అంది బుడంకాయ.

"నేనా?"

"దగ్గుమందు. తియ్యగా ఉంటుందే, అది. లేవగానే పోశావుగా."

డాక్టరమ్మకు గుర్తొచ్చింది. రోజూ పోసే అలవాటు, చెయ్యి దాని పని అది చేసేసింది. అత్తగారి మొహం కళకళలాడింది. "బాగుంది. నేను పాలు, నువ్వు మందు. ఎవరి వృత్తి వాళ్లం చేశాం."

పరీక్ష మళ్లీ పెట్టారు. ఈసారి డాక్టరమ్మ కట్టడి ఒకటే: పిల్ల తినేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టకూడదు. పొద్దున్నే నలుగురూ ఆస్పత్రి గదిలో వరసగా కూర్చున్నారు. నర్సమ్మ సూది గుచ్చితే బుడంకాయ కప్పెగిరేలా ఏడ్చింది. తర్వాత పెద్దవాళ్ల అవస్థ చూస్తూ ఏడుపు మర్చిపోయింది.

"నాన్నా, నీ పొట్ట మాట్లాడుతోంది."

"మాట్లాడటం కాదమ్మా, తిడుతోంది."

రక్తం తీయడం పూర్తయింది. "ఇక పాపకు తినిపించండి," అంది నర్సమ్మ. ముగ్గురూ ఒక్కసారే లేచారు. బుడంకాయ రెండు చేతులతో నోరు మూసుకుంది. "ఇంజక్షన్లు ఉన్నాయో లేవో చెబితేనే తింటా!"

ముగ్గురూ మళ్లీ కూర్చున్నారు. కట్టడి పెట్టింది తనే కాబట్టి డాక్టరమ్మ ఎవర్నీ తిట్టలేకపోయింది.

మధ్యాహ్నం తిరిగాక ల్యాబ్ అతను తల లోపలికి పెట్టాడు. "హార్మోను నిండుగా ఉంది మేడమ్. మందు అక్కర్లేదు."

మరి పిల్ల ఎందుకు ఎదగడం లేదు? డాక్టరమ్మ చూపు భర్త మీదికి, అక్కణ్ణించి అత్తగారి మీదికి పోయింది. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని, నేలకందని కాళ్లు ఊపుకుంటోంది.

"ఏంటలా చూస్తావు?"

"మీ పోలికే అత్తయ్యా."

"ఆ మాత్రానికి దాని నెత్తురు తోడాలా? నన్నడిగితే చెప్పేదాన్నిగా!"

క్యాంటీన్లో నాలుగు పళ్లేలొచ్చాయి, వేడి అన్నం, గుడ్డు కూర. అత్తగారికి ఇంకా అనాల్సినవి బోలెడున్నాయి, కానీ నోరు ఖాళీ లేదు. భర్త తలెత్తలేదు. బుడంకాయ చెయ్యి చాచి అమ్మ పళ్లెంలో గుడ్డు తీసుకుంది. డాక్టరమ్మ పళ్లెం కాస్త పిల్ల దగ్గరికి జరిపింది.