నా దగ్గర రావడం లేదు

స్టవ్ మీద పాలు కాగేలోపల మూడు రిపోర్టులు చూడొచ్చని అతనికి పదకొండేళ్ల అలవాటు మీద తెలుసు. వంటింటి గట్టు చివర లాప్‌టాప్ పెట్టుకుని నిలబడే చదువుతాడు. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలను మణికట్టుతో పైకి తోసుకుంటాడు. పొట్టివాడు. బట్టతల చుట్టూ మిగిలిన కాస్త జుట్టునూ తడిచేసి శ్రద్ధగా దువ్వుతాడు. చొక్కా జేబు అడుగున ఎప్పుడో కారిన నీలం సిరా మరక ఉంది. ఇప్పటికీ ఆ జేబులోనే పెన్ను పెడతాడు.

ఉద్యోగం బస్సు డిపోలో. రేపు ఏ డ్రైవరు ఏ బండిని ఎన్ని గంటలకు తియ్యాలో చార్టు వెయ్యడం అతని పని. అందరూ చార్టుబాబు అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

ఆ చార్టు కోసమే ఒక కంప్యూటరు భాష నేర్చుకున్నాడు. ఎవరి సొత్తూ కాని భాష అది. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా కట్టారో విప్పి చూడొచ్చు, అందులో తప్పు, అంటే బగ్, కనిపిస్తే అందరూ చదివేలా రిపోర్టు రాయొచ్చు. ఎక్కడెక్కడి వాళ్లో జీతం లేకుండా దాన్ని బాగుచేస్తుంటారు. బాగుచేసేంత చదువు అతనికి లేదు. వచ్చిన రిపోర్టు చదివి, అందులో ఇచ్చిన నాలుగు వరసల కోడునూ తన కంప్యూటరులో నడిపి చూసి, పైన ఒక చీటీ తగిలించడం అతని వంతు. ‘నిజమే.’ ‘ఇంతకుముందే చెప్పారు.’ ‘నా దగ్గర రావడం లేదు.’ ఈ మూడోది తగిలిస్తే రిపోర్టు మూసేసినట్టే.

ఇవాళ మొదటి రిపోర్టు అందరికీ తెలిసిన ఒక ఇంజనీరమ్మాయి రాసింది. పాతకాలపు చిన్న కంప్యూటర్లలో, అరవై నాలుగుకు మించి పేర్లున్న జాబితాని టైము ప్రకారం వరసలో పెట్టమంటే, మొదట ఎక్కించిన క్రమంలో అరవై నాలుగో పేరుకీ అరవై ఐదో పేరుకీ ఒకే టైము ఉన్నప్పుడు, ఆ రెండింటిలో ఒకటి మాయమవుతోంది. హెచ్చరిక లేదు, చప్పుడు లేదు. కింద ఇంకో వాక్యం: ‘ఇదే సంగతి రెండేళ్ల కిందట ఒకరు చెప్పారు. ఎందుకో మూసేశారు.’

ఆ పాత రిపోర్టు తెరవకముందే అది ఎవరు మూశారో అతనికి తెలుసు.

అది అతను మూసిన వెయ్యో రిపోర్టు. తొమ్మిది వందల తొంభై తొమ్మిది దగ్గర ఉన్నాడని అక్కడి వాళ్లు వారం నుంచి సరదాగా లెక్క పెడుతున్నారు. ఆ సాయంత్రం ఒక లైబ్రరీ ఉద్యోగిని రాసింది. పుస్తకాలు తిరిగి ఇవ్వాల్సిన వాళ్ల జాబితాలో ఒక్కో రోజు ఒక పేరు కనిపించడం లేదట. నాలుగు వరసల కోడుతో పాటు, చేత్తో రాసుకున్న చీటీల ఫొటోలు జతచేసింది. ‘మూడుసార్లు లెక్కపెట్టాను’ అని రాసింది. అంతకుముందు ఆవిడ పంపినవి నాలుగో ఐదో, అన్నీ ఆవిడ పొరపాట్లే. చీటీలు చూడగానే అతనికి నీరసం వచ్చింది. నడిపి చూడలేదు. ‘నా దగ్గర రావడం లేదు’ అని తగిలించాడు. వెయ్యి అయింది. చప్పట్ల బొమ్మలు కురిశాయి. నెల తిరిగేసరికి పోస్టులో ఒక తెల్ల కప్పు వచ్చింది, మీద బంగారు రంగులో వెయ్యి అంకె. రోజూ అందులోనే టీ తాగుతాడు.

ఆవిడ చివరి జవాబు ఇప్పటికీ అక్కడే ఉంది. ‘బహుశా నేనే తప్పు లెక్కపెట్టి ఉంటాను. మీ సమయం తీసుకున్నందుకు క్షమించండి.’ ఆ తర్వాత ఆవిడ ఇంకేమీ రాయలేదు.

అతను చూస్తుండగానే తెరమీద మరో వ్యాఖ్య పడింది. ఆ భాషకి పెద్దదిక్కు లాంటి మనిషి రాశాడు. ‘అప్పుడు పరీక్షించిన వారి కంప్యూటరు కొత్తది అయ్యుంటుంది. కొత్తవాటిలో ఇది రాదు. అందులో ఆయన తప్పేమీ లేదు.’

కొత్తదే. నడిపి చూసినా వచ్చేది కాదు. అయినా నడపలేదు కదా. నడపకుండా నడిపానన్నాడు కదా. ఇదంతా ఒక్క వాక్యం రాస్తే అయిపోతుంది. అతని చూపుడువేలు కాసేపు గాల్లో ఆగింది. ఆ వ్యాఖ్య కింద బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఉంది. దాన్ని నొక్కాడు.

చుంయ్‌మని పాలు స్టవ్ మీదికి పొంగాయి.

“పక్కనే నిలబడి పాలు పొంగబెట్టడం మీకే చెల్లింది,” అంటూ భార్య మసిగుడ్డతో వచ్చింది.

“చూళ్లేదు.”

“చూళ్లేదట! కళ్లద్దాలు రెండు జతలున్నాయి, చూపు మాత్రం లేదు. తప్పుకోండి.”

అతను తప్పుకున్నాడు. టీ మామూలు స్టీలు గ్లాసులో పోసుకున్నాడు. ఆవిడ ఒకసారి గ్లాసు వంకా, ఒకసారి కప్పు వంకా చూసి, స్టవ్ తుడవసాగింది.

డిపోకి వెళ్లే బస్సులో పైకమ్మీ పట్టుకుని నిలబడి ఉండగా, రెండో స్టాపు దగ్గర, ఆ ఆలోచన వచ్చింది. పాతకాలపు చిన్న కంప్యూటరు. డిపోలో తన బల్ల మీద ఉన్నది అదే. అరవై నాలుగుకు మించి పేర్లు. డ్రైవర్లు అరవై ఎనిమిది మంది. టైము ప్రకారం వరస.

కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

రెండేళ్ల కిందట, ఆ వెయ్యో రిపోర్టు మూసిన కొన్ని వారాలకే, పెద్దాయన డ్యూటీకి రాలేదు. డిపోలో అందరికంటే పాత డ్రైవరు కాబట్టి పెద్దాయన. పొడుగ్గా ఉంటాడు. గేరు రాడ్డు లాగీ లాగీ కుడి భుజం కాస్త కిందికి జారింది. ఉదయం ఆరూ పదికి బండి కదల్లేదు, ప్రయాణికులు గొడవ చేశారు, మేనేజరు చిందులు తొక్కాడు. మర్నాడు పెద్దాయన వచ్చి, “చార్టులో నా పేరు లేదండీ. సెలవు మార్చారేమో అనుకున్నాను,” అన్నాడు. చార్టుబాబు కంప్యూటరులో పేర్ల పట్టిక తెరిచి చూపించాడు. అందులో పేరు ఉంది. వరసలో పెట్టాక అచ్చయిన కాగితాన్ని మాత్రం చూడలేదు. అది అప్పటికే బోర్డు మీంచి దిగి బల్ల కింద ఎక్కడో ఉంది.

“ఇదిగో ఉంది కదయ్యా. చూసుకోవద్దూ? కంప్యూటరు అబద్ధం చెబుతుందా?”

“చూశానండీ. రెండుసార్లు చూశాను.”

క్షమాపణ ఉత్తరం రాయాల్సి వచ్చింది. పెద్దాయన రాత అంతంతమాత్రం. అందుకని చార్టుబాబే ఒక్కో మాటా చెప్పి రాయించాడు. ‘నా అజాగ్రత్త వల్ల’ అన్న దగ్గర పెద్దాయన పెన్ను ఆపి, “అజాగ్రత్తకి ఒత్తు ఎక్కడండీ?” అని అడిగాడు. అదీ చెప్పాడు.

ఇవాళ పెద్దాయన రిటైరవుతున్నాడు.

డిపోలో అడుగు పెట్టగానే అతను పాత చార్టుల బీరువా తెరిచాడు. దుమ్ముకి తుమ్ములొచ్చాయి. నేల మీద కూర్చుని రెండేళ్ల కట్టలు విప్పాడు. వెతుకుతున్నదేమిటో అతనికి తెలుసు, తెలిసినందుకే చేతులు నెమ్మదిగా కదిలాయి. కొన్ని చార్టుల అడుగున బూడిదరంగు మరక. రబ్బరుతో రుద్దిన చోటు. అప్పుడప్పుడూ ఎవరో కింద పెన్సిలుతో ఒక పేరూ టైమూ రాసేవాళ్లు. డ్రైవర్లు తమలో తాము డ్యూటీలు మార్చుకుంటున్నారనుకుని విసుక్కుంటూ, ఫైలు శుభ్రంగా ఉండాలని, తనే వాటిని చెరిపేవాడు. ఒక కాగితాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తాడు. నొక్కి రాసిన గాడి మిగిలే ఉంది. ఒక పేరు, పక్కన ఐదూ నలభై. పైన అచ్చులో వెతికాడు. ఆ పేరు లేదు.

ఇంకోటి ఎత్తాడు. ఇంకోటి. తొమ్మిది దొరికాయి. తొమ్మిదింటిలోనూ ఒకటే రాత.

సాయంత్రం చార్టు అంటించాక పెద్దాయన బోర్డు ముందు నిలబడి వేలితో ఒక్కో పేరూ దాటుకుంటూ పోవడం రోజూ చూసేవాడే. మేకుకి దారంతో కట్టిన పెన్సిలు ముక్కనీ చూసేవాడే. “మాస్టారు పేపర్లు దిద్దుతున్నారు, ఎవరూ మాట్లాడకండి!” అని కుర్రడ్రైవర్లు వేళాకోళం చేస్తే అతనూ నవ్వాడు. అరవై ఎనిమిది పేర్లూ, అన్ని బళ్ల టైములూ ఆ మనిషికి నోటికి వచ్చు. తప్పిపోయిన పేరు తనే రాసి పోయేవాడు. తెల్లవారి బళ్లు కదిలేవి. ఆ తర్వాత చార్టుబాబు దాన్ని చెరిపేవాడు.

మూడు గంటలకి మహిళా కండక్టరు తలుపులోంచి తొంగిచూసింది. “చార్టుబాబూ, టీ చల్లారిపోతోంది. బిస్కెట్లు మెకానిక్కుల పాలవుతాయి, మీ ఇష్టం.”

మెకానిక్కుల గదిలో ఇనుప కుర్చీలు వేశారు. గ్రీజు వాసన. పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా కూర్చున్నాడు. అందరూ కలిసి గోడగడియారం కొన్నారు.

“ముప్పై ఒక్కేళ్లు టైముకి పరిగెత్తించి, ఇప్పుడు ఇంటికి కూడా టైమే పంపిస్తున్నారా!” అంది కండక్టరు.

“బ్యాటరీ వెయ్యకు మామా, హాయిగా పడుకో,” అన్నాడొకడు. అందరూ నవ్వారు.

మేనేజరు సర్వీసు పుస్తకం చేత్తో పట్టుకుని మాట్లాడాడు. “ముప్పై ఒక్కేళ్లు. ఒక్క ప్రమాదం లేదు. ఒకే ఒక్క మచ్చ. ఒక్క రోజు డ్యూటీ ఎగ్గొట్టాడు పెద్దమనిషి! ఆ రోజు ఎక్కడికెళ్లాడో ఇప్పటికైనా చెప్పమనండి!”

మళ్లీ నవ్వులు. పెద్దాయన కూడా నవ్వాడు, బూట్ల వంక చూసుకుంటూ. చార్టుబాబు చేతిలో టీ గ్లాసు ఉంది. లేచి నిలబడి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ముప్పై నలభై మొహాలు. వాటన్నిటి ముందూ ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే, గ్లాసు నేల మీద పెట్టి, అతనూ కొట్టాడు.

గేటు దగ్గర అందుకున్నాడు. పెద్దాయన గడియారం అట్టపెట్టెను చంకలో పెట్టుకుని, మామూలు ప్రయాణికుడిలా బస్సు కోసం చూస్తున్నాడు.

“అన్నా,” అన్నాడు చార్టుబాబు. రెండేళ్ల కిందట ‘ఉంది కదయ్యా’ అన్న నోరే.

పెద్దాయన కాస్త వింతగా చూశాడు. “చెప్పండి బాబూ.”

“ఆ రోజు చార్టులో నీ పేరు లేదు. నిజంగానే లేదు. తప్పు కంప్యూటరుది. కాదు... నాది. నేను చూడలేదు.”

“తెలుసండీ.”

“ఎప్పట్నుంచి?”

“నెలన్నర తిరక్కుండానే ఇంకోడి పేరు పోయింది కదా. చిన్నపిల్లల తండ్రి వాడు. అప్పట్నుంచీ చూసుకుంటున్నాను.”

“మరి నాతో చెప్పలేదేం?”

పెద్దాయన పెట్టెను ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు. కోపం లేదు. ఏదో దారి చెబుతున్నట్టుగా అన్నాడు. “చెప్పాను కదండీ, ఒకసారి.”

బస్సు వచ్చింది. “లోపలికెళ్లండి, ఎండగా ఉంది,” అని ఎక్కేశాడు. డ్రైవరు సీటు వైపు అలవాటుగా ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి, కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగింది.

అతను లోపలికి వచ్చాడు. ఫైల్లోంచి ఆ క్షమాపణ ఉత్తరం తీసి, దాని కిందే నీలం సిరాతో రాశాడు: ‘పై తప్పు ఈయనది కాదు. చార్టు వేసిన నాది. అజాగ్రత్త కూడా నాదే.’ సంతకం పెట్టి, తొమ్మిది చార్టులూ జతచేసి మేనేజరు బల్ల మీద పెట్టాడు.

మేనేజరు చదివి తల గోక్కున్నాడు. “ఆయన వెళ్లిపోయాడు కదండీ. ఇప్పుడిదెందుకు?”

“సర్వీసు పుస్తకంలో కొట్టెయ్యండి.”

“మీకు మెమో వస్తుంది.”

“రానివ్వండి.”

తన బల్ల దగ్గరికి వచ్చి, ఆ పాత చిన్న కంప్యూటరులోనే లైబ్రరీ ఆవిడ రిపోర్టు తెరిచాడు. ఆవిడ ఇచ్చిన నాలుగు వరసలూ మొదటిసారి నడిపాడు. డెబ్బై పేర్లు ఇస్తే అరవై తొమ్మిది వచ్చాయి. పొద్దున నొక్కిన బొటనవేలు బొమ్మని తీసేశాడు. కింద రాశాడు: ‘ఆ రోజు నేను నడిపి చూడలేదు. చూసినట్టు రాశాను. మీ లెక్క సరైనదే. ఇక మీదట రిపోర్టులు మూసే హక్కు నాకు ఉండకూడదని కోరుతున్నాను.’ ఆవిడ చదువుతుందో లేదో తెలియదు. ఆవిడ పేరు పక్కన ‘ఈ ఖాతా ఇప్పుడు లేదు’ అని ఉంది.

ఐదు గంటలకి రేపటి చార్టు తీసుకెళ్లి బోర్డుకి గుచ్చాడు. అందరూ ఇళ్లకి పోతున్నారు. కండక్టరు సంచి భుజాన వేసుకుంటూ, “ఏంటి చార్టుబాబూ, ఇప్పుడు మాస్టారు మీరా?” అంది. అతను మొదటి పేరు మీద వేలు పెట్టాడు. అరవై ఏడు ఉండాలి. అరవై ఏడు ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి కూడా లెక్కపెట్టాడు.

బోర్డు పక్కన మేకుకి పెన్సిలు ముక్క దారంతో వేలాడుతోంది. వెనక చివర పంటిగాట్లు. ముందు చివర మాత్రం, పొద్దునే ఎవరో కూర్చుని చెక్కినట్టు, ముల్లు సన్నగా, కొత్తగా ఉంది.